పులికాట్‌లో ఒక పూట భోజనం

మీ ఇంట్లో పాత ఫొటోల ఆల్బం ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి బీరువా సర్దేటప్పుడు తీసి చూడండి. పిల్లల పుట్టినరోజులు, కొండమీద తీసిన గుండ్లు, మరిది పెళ్ళి, గృహప్రవేశం, అన్నీ ఉంటాయి. వాటిలో మీరెక్కడున్నారో వెతకండి. వంటింటి గుమ్మం దగ్గర, చేతిలో గరిటెతో, సగం మొహం కోసుకుపోయి కనిపిస్తారు. నా సంగతీ అంతే.

మావారు 1993లో యాషికా కెమెరా కొన్నారు. దాంట్లో వేసే రీలుకి 36 ఫొటోలు. "నువ్వు ముట్టుకోకు, రీలు వేస్టవుతుంది" అనేవారు. కోపంతో అన్న మాట కాదు లెండి, అప్పట్లో రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించాలంటే బోలెడు ఖర్చు. నేను ముట్టుకోలేదు. అలాగే పాతికేళ్ళు గడిచిపోయాయి. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాక్కొచ్చే జూమ్ కెమెరా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇందులో రీలు లేదమ్మా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో" అన్నాడు. అప్పటికి నాకు 56 ఏళ్ళు.

ఇక చూస్కోండి. మా మదనపల్లె ఇంటి మిద్దె మీద వాలిన కాకినీ వదల్లేదు, గోరింకనీ వదల్లేదు. వడియాలు ఎండబెట్టడానికని వెళ్ళి గంటకి దిగేదాన్ని. మా ఊరికి దగ్గర్లోనే రిషివ్యాలీ ఉంది కదా, అక్కడికి పక్షుల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. ఇన్నేళ్ళూ "పనీపాటా లేనివాళ్ళు" అనుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ళ జాబితాలో నేనూ చేరాను!

మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం. పెద్దక్కని కుప్పంలో ఇచ్చారు, నన్ను మదనపల్లెలో, చెల్లెల్ని పుంగనూరులో. మ్యాపులో చూస్తే మూడు ఊళ్ళూ పక్కపక్కనే. కానీ ముగ్గురం కలిసి ఒక పూటంతా కూర్చుని మాట్లాడుకోవాలంటే ఏ పెళ్ళో, ఏ చావో రావాలి. ఆ రెండు చోట్లా పనే తప్ప మాటలెక్కడివి? అందుకే పోయిన సంక్రాంతి అయ్యాక నేనే ఫోన్లు చేశాను. "పులికాట్ సరస్సుకి పోదాం. పడవెక్కి ఇరకం దీవి చూసొద్దాం. నాకు ఫొటోలు, మీకు గాలి."

చెల్లెలు వెంటనే ఊ అంది. పెద్దక్కే, "నీళ్ళలో పడితే ఈదేదానికి నాకు వస్తుందా మే? మీ బావకి అన్నం ఎవరు పెడతారు?" అని రెండు ప్రశ్నలేసింది. మొదటిదానికి జవాబు సులువు. తిరుపతిలో ఉన్న మా మేనల్లుడు మూడు లైఫ్ జాకెట్లు సంపాదించి పెట్టాడు. రెండోదానికి మాత్రం వారం పట్టింది.

మేము కరువు సీమ మనుషులం. మాకు నీళ్ళంటే చెరువు, అదీ నిండిన ఏడాదికే. తెరచాప పడవని సినిమాల్లో చూడ్డమే. అందుకని మీలో మాలాంటి వాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు చెప్తాను.

పులికాట్ ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఒడిశా చిలికా తర్వాత ఇలాంటి సరస్సుల్లో పెద్దది ఇదే. ఎక్కువ భాగం మన వైపు, కొంత తమిళనాడు వైపు ఉంది. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య గోడలాగా శ్రీహరికోట దీవి ఉంది, రాకెట్లు ఎగిరేది అక్కణ్ణుంచే. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదుల నుంచి మంచినీళ్ళు, సముద్రం నుంచి ఉప్పునీళ్ళు వచ్చి ఇందులో కలుస్తాయి. చూడ్డానికి సముద్రమంత ఉన్నా చాలాచోట్ల లోతు మోకాలి నుంచి నడుము దాకానే. ఎండాకాలంలో చాలా మేర ఎండి, తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అక్టోబరు, నవంబరు వానలకి మళ్ళీ నిండుతుంది. ఆ పలచటి నీళ్ళ కోసమే పక్షులొస్తాయి. 1976లో దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఆ సరస్సు మధ్యలో ఉన్న ఊరే ఇరకం దీవి. సూళ్ళూరుపేట, తడ ఇవన్నీ ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలో కలిశాయి.

ముందురోజు సాయంత్రానికి ముగ్గురం తిరుపతిలో మేనల్లుడింట్లో చేరాం. "రేపు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి, వంటలు పెట్టుకోవద్దు, దార్లో టిఫిను తినేద్దాం" అని మరీమరీ చెప్పాను. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే వంటింట్లో లైటు. పెద్దక్క చిత్రాన్నం కలుపుతోంది. పక్కన చెనిక్కాయల ఊరుబిండి, పెరుగన్నం, కుప్పం నుంచి మోసుకొచ్చిన నిప్పట్ల డబ్బా. పెరుగన్నం పులిసిపోకుండా ఆవిడ చేసే చిట్కా మీకూ చెప్తాను. అన్నం మెత్తగా ఉడికించి, వేడి మీదే కాచిన పాలు పోసి కలిపి, చల్లారాక దాంట్లో ఒక్క గరిటె పెరుగు వేయాలి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. ప్రయాణాలకి దీన్ని మించింది లేదు.

"ఎందుకక్కా ఈ వేళప్పుడు?" అంటే, "ఊరికే పడుకుంటే తెల్లారుతుందా" అంది.

శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటాక తెలతెలవారుతుంటే నేలపట్టు దగ్గర ఆగాం. అది కూడా 1976 నుంచీ పక్షుల కేంద్రమే. చెరువులో సగం మునిగిన నీటికడప చెట్లు, వాటి కొమ్మల మీద గూడబాతుల గూళ్ళు. ఒక్కో చెట్టు మీద పెళ్ళివారి విడిది మాదిరి అరుపులూ కేకలూ. గూడబాతు ముక్కు కింద సంచీ ఉంటుంది. పట్టిన చేపల్ని గూటికి తెస్తే, పిల్ల ఆ నోట్లోకి తలకాయంతా దూర్చి తినేస్తుంది. మా చెల్లెలు అది చూసి, "మన పిల్లలు ఫ్రిజ్జులో తలకాయ పెట్టినట్లే ఉండాది" అంది. పక్షులు రాల్చిన రెట్ట చెరువు నీళ్ళలో కలిసి పొలాలకి ఎరువవుతుందని ఆ ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరట. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని చూసినట్టు చూస్తారు. అక్కడ నేను ఒక అరవై ఫొటోలు తీశాను.

అక్కణ్ణుంచి సూళ్ళూరుపేట మీదుగా తడ దగ్గరున్న భీములవారిపాలెం చేరేసరికి ఎండ వచ్చేసింది. ఇరకం వాళ్ళు బయటి ఊళ్ళకి రావాలన్నా, సరుకులు తెచ్చుకోవాలన్నా పడవ దాటాల్సిందే. మోటారు పడవలున్నాయి. నాకేమో తెరచాప పడవే కావాలి. మోటారు చప్పుడుకి పక్షులు దూరం జరుగుతాయని ఎక్కడో విన్నాను. అడగ్గా అడగ్గా ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. చేపల వేట చేసే మనిషి, డెబ్భైకి దగ్గరుంటాడు. మేనల్లుడు తెల్లవారుజాము నుంచీ కారు నడిపాడు కదా, వాణ్ణి ఒడ్డున పడుకోమని మేము ముగ్గురం పడవెక్కాం.

తెరచాప తెల్లగా, హంస రెక్కలాగా ఉంటుందని ఊహించుకున్నాను. తీరా చూస్తే నీలం పట్టా ఒకటి, పసుపు సంచులు నాలుగు, వాటికి అతుకులు. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత గుర్తొచ్చింది. కానీ దాన్ని ఎత్తి కట్టగానే, చూడాలి మీరు! ఫట్‌మని గాలి పట్టుకుంది. చప్పుడు లేకుండా పడవ కదిలింది. పెద్దక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది. ఇంకాసేపటికి చేత్తో నీళ్ళని తాకుతూ కూర్చుంది. ఈ కాలంలో పొద్దున నేల వైపు నుంచి గాలి వస్తుంది, మధ్యాహ్నం తిరిగాక సముద్రం వైపు నుంచి మళ్ళుతుంది, వెళ్ళేటప్పుడు ఒకటి తోస్తుంది, వచ్చేటప్పుడు ఇంకొకటి తోస్తుంది అని చెప్పాడు పెద్దాయన. గాలి పడిపోయిన చోట గెడ వేసి నెడుతున్నాడు. ఆ గెడ సగం కూడా మునగడం లేదు.

అరగంట పోయాక కనిపించాయి. దూరంగా నీళ్ళ మీద ఎవరో లేత గులాబీ రంగు చీర ఆరేసినట్టు ఒక చార. కెమెరాలోంచి చూస్తే అన్నీ కాళ్ళే! ఫ్లెమింగోలు. రాజహంసలని కూడా అంటారు వీటిని. రెండు వందలకి తక్కువుండవు. మన పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తుంటుంది కదా, ఈ పక్షి తల ఎత్తి నిలబడితే నాలుగడుగులు దాటి ఉంటుంది. "మీ ఊరి ఆవు దీని పక్కన దూడలాగా ఉంటుంది" అని చెల్లెల్ని ఏడిపించాను.

వాటి భోజనం చూడాలి మీరు. తలని తలకిందులు చేసి, ముక్కు పై భాగం కిందికి వచ్చేలా నీళ్ళలో ముంచి, నాలుకతో బురద నీళ్ళని లాగి వదులుతాయి. ముక్కు అంచుల్లో జల్లెడ ఉంటుంది. మనం బియ్యం కడిగి వార్చినట్టే. నీళ్ళు బయటికి పోతాయి, సన్న రొయ్యలు, పురుగులు, నాచు లోపల మిగులుతాయి. ఆ రొయ్యల్లో, నాచులో ఉండే రంగే వాటి ఈకలకి పడుతుంది. పుట్టినప్పుడు పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఇంకో విచిత్రం చెప్పనా? ఇవి పిల్లలకి గొంతులోంచి ఎర్రటి పాలలాంటిది పడతాయి. అలా పెట్టీ పెట్టీ తల్లిదండ్రుల గులాబీ రంగు వెలిసిపోతుంది. పిల్లలు పెద్దయ్యాకే మళ్ళీ రంగు తిరిగొస్తుంది. ఇదంతా నేను ముందే చదువుకుని వచ్చి గొప్పగా చెప్తుంటే పెద్దక్క, "తండ్రి కూడా పెడతాడా?" అని అడిగింది. "ఆ, ఇద్దరూ పెడతారు" అన్నాను. "మంచి కులం" అంది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ మీ దగ్గర దాపరికమెందుకు?

ఒక్క పక్షీ తల ఎత్తడం లేదు. ఫొటోలో అన్నీ ముద్దలు ముద్దలుగా, వీపులే వస్తున్నాయి. నేను విసుక్కుంటుంటే పెద్దాయన చూశాడు. "లేపమంటారామ్మా? ఎగిరితే రెక్కల కింద రంగు బాగా కనబడద్ది. వచ్చినోళ్ళందరూ అదే అడగతారు" అన్నాడు. ఆయన తన కోసం అన్న మాట కాదు, నా మొహం చూసి అన్నాడు. నేను తలూపాను. మాట కూడా అనలేదు, తలూపాను అంతే.

ఆయన గెడతో పడవ అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, గట్టిగా ఒక కేక వేశాడు. గుంపంతా ఒక్కసారి తలలెత్తింది. నీళ్ళ మీద పరుగు తీసి లేచింది. అబ్బ, ఆ రంగు! అంతవరకు తెల్లగా కనిపించిన రెక్కలు విప్పేసరికి లోపల ఎర్రగా, అంచులు నల్లగా. ఆకాశమంతా పట్టుచీరలు విదిలించినట్టుంది. నేను వేలు తియ్యకుండా నొక్కుతూనే ఉన్నాను. నలభై ఫొటోలు తీశాను. చెల్లెలు చప్పట్లు కొట్టింది.

పెద్దక్క మాట్లాడలేదు. పక్షులు దూరంగా వెళ్ళి, తిరిగి తిరిగి, ఎక్కడో చుక్కల్లాగా దిగాక అడిగింది. "తింటా ఉండే వాళ్ళని పంక్తిలో నుంచి లేపొచ్చునా మే?"

నేను తేలిగ్గా తీసుకున్నాను. "పక్షులక్కా అవి. మళ్ళీ దిగి తింటాయిలే."

"అవును. మళ్ళీ కూచుని తింటాయి. నేనూ మళ్ళీ కూచునే కదా తిన్నాను, నలభై ఏళ్ళు."

పడవలో ఎవరూ మాట్లాడలేదు.

మీకు ఆవిడ సంగతి చెప్పాలి. పెద్దక్కకి పద్దెనిమిదో ఏట పెళ్ళయింది. కుప్పంలో పెద్ద ఉమ్మడి కుటుంబం, అత్తమామలు, ఇద్దరు మరుదులు, ఒక ఆడపడుచు. బావది అంగడి, భోజనానికి ఆయన వచ్చిందే వేళ. అందరికీ వడ్డించి, ఆఖర్న తన కంచం పెట్టుకునేది. రెండు ముద్దలు తినేలోపల ఎవరో ఒకరు "నీళ్ళు" అనేవాళ్ళు. లేచేది. కూర్చునేది. "మజ్జిగుందా?" లేచేది. మామగారి మందులు, మంచాన పడ్డ అత్తగారి పిలుపు, ఏడ్చే పిల్లలు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదండీ. ఒక్కరు కూడా ఆవిణ్ణి తిట్టి ఎరుగరు. ఊరికే పిలిచేవాళ్ళు, అంతే. సెలవులకి వెళ్ళినప్పుడు నేను కూడా పిలిచాను. "అక్కా, కొంచెం నెయ్యి" అని నేనే ఎన్నిసార్లు ఆవిణ్ణి కంచం ముందు నుంచి లేపానో! ఇప్పుడు ఆవిడకి షుగరు. వేళకి కూర్చుని తినమని డాక్టరు చెప్పారు. తినే వేళ ఆవిడ చేతిలో ఎప్పుడుంది గనక?

కుప్పం చుట్టుపక్కల ఊళ్ళలో ఏనుగుల బాధ ఉంది. కౌండిన్య అడవిలోంచి పొలాల మీదికి వస్తాయి. రైతులు పంట కాపాడుకోవడానికి డప్పులు కొడతారు, టపాకాయలు కాలుస్తారు. అది వాళ్ళ కడుపు మంట, తప్పనలేం. కానీ సెల్‌ఫోను పట్టుకుని ఏనుగు వెంట పరిగెత్తే కుర్రాళ్ళని మాత్రం పెద్దక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంది. "వాళ్ళకి పంట పోయిందా, పాడు పోయిందా? ఊరికే చూసేదానికి దాన్ని అదిలిస్తారు" అంటుంది. ఆ మాట నేను ఎన్నోసార్లు విని తలూపాను. ఈరోజు తలూపింది దేనికో మీరే చూశారు.

ఆ పక్షులు ఊరికే వచ్చి అక్కడ నిలబడలేదు. ఎక్కడో గుజరాత్‌లోని కచ్ ఎడారి బురదలో గూళ్ళు కట్టే జాతి. అంత దూరం ఎగరాలన్నా, గుడ్లు పెట్టాలన్నా ఇక్కడ తిన్న తిండే ఆధారం. తిరిగి వెళ్ళే లోపల ఒంటికి కొవ్వు పట్టాలి. లేపిన ప్రతిసారీ తినే సమయం పోతుంది, ఎగరడానికి ఉన్న బలం ఖర్చవుతుంది. మేమొక్క పడవే కదా అనుకుంటాం. మా వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని "నీళ్ళు", ఎన్ని "మజ్జిగ"లో!

ఇరకం ఒడ్డున పడవ ఆగేసరికి పన్నెండున్నర. ఊరివాళ్ళు వలలు ఆరేసుకుంటున్నారు. ఒకావిడ మమ్మల్ని చూసి పలకరించి, బిందెతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ ఉప్పునీళ్ళ మధ్య మంచినీళ్ళ విలువ నేను వేరే చెప్పక్కర్లేదు. చెట్టు కింద చాప పరిచాం. నేను చెల్లెలికి చెవిలో చెప్పాను, ఈ పూట పెద్దక్కని ఎవ్వరూ లేపకూడదు అని.

ఇది మీరనుకున్నంత సులువు కాదండీ! నేను విస్తరాకులు వేసి వడ్డించడం మొదలుపెట్టాను. "నువ్వు కూర్చోవే, నేను పెడతా" అని లేచింది. చెల్లెలు భుజాలు పట్టి కూర్చోబెట్టింది. చిత్రాన్నం నాలుగు ముద్దలు తిన్నాక, "ఆయనకి పెట్టలేదే" అని పడవ పెద్దాయన వైపు చూస్తూ మళ్ళీ లేవబోయింది. ఆయన విస్తరి ముందే ఇచ్చాం, చూపించాను. ఊరుబిండి నంజుకుంటూ, "నీళ్ళ చెంబు..." అని చెయ్యి నేలకి ఆనించింది. చెంబు ఆవిడ పక్కనే ఉంది. లేవడం ఆ మోకాళ్ళకి అలవాటైపోయింది, పాపం.

పెరుగన్నం దగ్గర ఫోను మోగింది. బావ. నేను లాక్కున్నాను.

"మీ అక్కకి ఇవ్వు, గ్యాసు సిలిండరు వచ్చింది, పుస్తకం ఎక్కడుందో అడగాల."

"అక్క అన్నం తింటా ఉంది బావా. తిన్నాక చేస్తుంది."

అవతల కాసేపు చప్పుడు లేదు. గ్యాసబ్బాయి ఏదో అనడం వినిపించింది. తర్వాత బావ, "సరే, నిదానంగా తినమను" అని పెట్టేశారు.

ఏం చెప్పారని పెద్దక్క అడిగితే అదే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "అట్ల అన్నాడా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఆకు మీదున్న ఆఖరి మెతుకు దాకా తిన్నది. వేళ్ళు నాక్కుంది, చిన్నపిల్లలాగా. నిప్పట్టు ఒకటి విరిచి నోట్లో వేసుకుని, చెట్టుకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు ఒక ఫొటో తీశాను. ఒకటే.

తిరుగు ప్రయాణంలో సముద్రం గాలి మొదలైంది, పెద్దాయన చెప్పినట్టే. పొద్దుటి చోటికి వచ్చేసరికి ఆ గుంపులో కొన్ని తిరిగొచ్చి మేస్తున్నాయి. "ఈసారి లేపొద్దు తాతా. తెరచాప దించి ఊరికే నిలబెట్టు" అన్నాను. ఆయన నవ్వాడు. చాప దించి, గెడ బురదలో గుచ్చి పడవని దానికి కట్టేశాడు. "ఇట్టా అడిగినోళ్ళు తక్కువమ్మా" అన్నాడు. కదలకుండా, గొంతు తగ్గించుకుని ముప్పావుగంట కూర్చున్నాం. నమ్ముతారా? అవే మేసుకుంటూ మేసుకుంటూ మా వైపు నడిచొచ్చాయి. కాళ్ళతో బురద తొక్కుతున్న చప్పుడు, ముక్కుల్లోంచి నీళ్ళు వడకట్టే సన్నటి చప్పుడు కూడా వినిపించింది. పొద్దున కేకలో అదేదీ వినిపించలేదు.

మీరూ వెళ్తానంటే కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సూళ్ళూరుపేటలో పక్షుల పండగ కూడా చేస్తారు, 2001లో మొదలుపెట్టారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండగ రోజుల్లో జనం ఎక్కువ, ప్రశాంతంగా చూడాలంటే వేరే రోజు వెళ్ళండి. పడవెక్కే ముందు అటవీశాఖ వాళ్ళని అడిగి వెళ్ళండి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. ఎర్రచీర, తళుకుల చీర వద్దు, మట్టిరంగు కాటన్ చీర కట్టుకోండి. ఎండ మీ వీపున ఉండేలా కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి. నీళ్ళ మెరుపుకి కళ్ళు మండుతాయి, టోపీ మర్చిపోకండి. ప్లాస్టిక్ కవర్లు పట్టుకెళ్తే మళ్ళీ ఇంటికే పట్టుకురండి. షుగరున్న వాళ్ళు డబ్బాలో కాస్త తినడానికి దగ్గర పెట్టుకోండి. పక్షి తలెత్తి మీ వైపు చూసి మేత ఆపిందంటే మీరు చాలా దగ్గరికి వెళ్ళారని అర్థం. అక్కడే ఆగిపోండి.

ఇంటికొచ్చాక ఫొటోలన్నీ మా అబ్బాయికి చూపించాను. మధ్యాహ్నం తీసినవి చిన్నగా, తలకాయలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. "ఇవి మామూలుగా ఉన్నాయమ్మా" అన్నాడు. పొద్దున గుంపు లేచినప్పటిది చూసి మాత్రం ఎగిరి గంతేశాడు. "ఇది పెద్దది చేయించి హాల్లో పెడదాం!"

అబద్ధమెందుకు, అది నిజంగానే బాగా వచ్చింది. నేను తీసినవాటన్నిటిలోకీ అదే బాగుంది. అదే నా బాధ. వద్దన్నాను. ఎందుకో చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "అయితే దేన్ని ప్రింట్ వేయించను?" అన్నాడు.

పెద్దక్క ఫొటో వేయించాను. చెట్టుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ముందు ఖాళీ ఆకు. మొహం పూర్తిగా ఉంది, ఎక్కడా కోసుకుపోలేదు. ఒకటి కుప్పానికి, ఒకటి పుంగనూరుకి పంపాను. బావ దాన్ని అంగట్లో గల్లాపెట్టె పైన పెట్టుకున్నారని చెల్లెలు ఫోన్‌లో చెప్పింది.

ఇక నేను లేస్తాను, పొయ్యి మీద పప్పుంది. వెళ్ళే ముందు ఒక్క మాట. ఈ మధ్యాహ్నం మీరు కంచం ముందు కూర్చున్నాక ఎవరైనా పిలుస్తారు. పిలవకుండా ఉండరు. ఒక్కసారి, కూర్చున్న చోటు నుంచే, "తింటున్నాను" అని చెప్పి చూడండి. ఏమన్నారో నాకూ రాయండి.